మడ అడవిలో లోవ

గురువమ్మ కన్నమ్మకి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా చేతిలో వల బాగుచేసుకుంటూ వినేది. జవాబు మాత్రం తనకి తోచిన రోజున చెప్పేది. శిష్యురాలు అప్పయమ్మ అడిగింది కూడా అలాగే ఉండిపోయింది.

"అమ్మా, మా లోవకి ఏడేళ్లొచ్చాయి. పిలిస్తే పలకదు, మొహంలోకి చూడదు. కాకినాడలో డాక్టరమ్మ ఆటిజం అంది. రోగం కాదు, పిల్ల తీరే అంత, మనమే తెలుసుకుని మెలగాలంది. ఎలా తెలుసుకోను?"

మూడోనాడు పొద్దు వాలే వేళకి లోవ కనపడలేదు. బురదలో చిన్న చిన్న అడుగులు మడ అడవిలోకి పోయాయి. ఏటికి పోటు మొదలైంది. ఇంకో గంటకి అక్కడ మనిషి లోతు నీళ్లు. ఊరంతా కదిలింది. పళ్లాలు మోగించారు, డబ్బాలు బాదారు, "లోవా, లోవా" అని గొంతులు చించుకున్నారు. అందరికంటే పెద్దగా అప్పయమ్మే అరుస్తోంది. ఆ గోలకి కొంగలు లేచిపోయాయి గానీ పిల్ల జాడ లేదు. నీళ్లు మోకాళ్లకి తగిలాయి.

గురువమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి, లోవ తండ్రిని అడిగింది. "ఒరే సత్తెయ్యా, వేటలో తెడ్డుతో పడవని ఎందుకు బాదుతావురా?"

"ఇప్పుడా అమ్మా అడగడం? చప్పుడుకి చేప బెదిరి వల వైపు పారిపోతుందని..."

అంటూనే అతని చెయ్యి ఆగిపోయింది. పళ్లెం దించేశాడు. పక్కవాడూ దించాడు.

"కూర్చోవే," అంది గురువమ్మ అప్పయమ్మతో.

"నీళ్లు పెరుగుతున్నాయమ్మా."

"అందుకే కూర్చో."

అప్పయమ్మ ఆ బురదలోనే చతికిలబడింది. నీళ్లు నడుముకొచ్చాయి. నోరు జారి పిలుస్తానేమోనని కొంగు పళ్ల మధ్య కుక్కుకుంది. అంతమంది నిలబడ్డ చోట నీటి గలగల తప్ప ఏమీ లేదు. పిలవని ప్రతి క్షణం, తన బిడ్డని తానే ముంచేస్తున్నట్టు ఆ తల్లికి అనిపించింది.

ఎంతసేపటికో కొమ్మలు కదిలాయి. లోవ చెవులు రెండూ మూసుకుని, ఎవరి మొహమూ చూడకుండా వచ్చింది. అప్పయమ్మ చేతులు చాచబోతే గురువమ్మ తల అడ్డంగా ఊపింది. పిల్ల, తల్లి వెనక్కి వెళ్లి, తన వీపుని తల్లి వీపుకి ఆనించింది. ఆ చిన్న వీపు వణుకుతోంది. ఎవరూ అడక్కుండా లోవ ఒక మనిషిని ఆనుకోవడం, ఏం చిత్రమో గానీ, అదే మొదలు.

ఒడ్డుకి చేరాక అప్పయమ్మ అడిగింది. "ఈ ఏడేళ్లూ నేనే తరిమానా అమ్మా?"

"తరిమింది ఊరంతా," అంది గురువమ్మ, ఎదురుగా ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే చూస్తూ. "అలాంటప్పుడు నీళ్లలో కూర్చోవలసింది నువ్వొక్కదానివేనా?"