తడిగొంగడమ్మ వెలసిన ఈదురుకొండ

ఈదురుకొండ ఎక్కే భక్తులకు సగం దారి వరకు అడవి తోడుంటుంది. ఆపైన చెట్లు కురచై, లోయల మడతల్లోకి ఒదిగి, చివరకు పూర్తిగా ఆగిపోతాయి. శిఖరమంతా మోకాలెత్తు గడ్డి, గాలి, ఏడాదిలో ఎక్కువ కాలం పొగమంచు. ఆ గడ్డి నడుమ వెలసిన తల్లి తడిగొంగడమ్మ. ఆమెకు విగ్రహం లేదు. గడ్డిదుబ్బుల్లోంచి కొద్దిగా పైకి కనిపించే నల్లరాయినే అమ్మవారిగా కొలుస్తారు.

పూర్వం ఇక్కడికి కొండ కింది కోనపాడు నుంచి దాలమ్మ అనే గొల్ల ఇల్లాలు గేదెలను తోలుకువచ్చేది. భర్త పోయాక మరిది సింగన్నతో కలిసి మందను సాకేది. ఒక వేసవి ఉదయం మంచులో దూడ తప్పిపోయింది. వెతుక్కుంటూ వెళ్లగా అది ఒక నల్లరాతిని నాకుతూ కనిపించింది. రాతి కింద సన్నగా నీరు ఊరుతున్నది. దాలమ్మ దాహం తీర్చుకొని అక్కడే కునుకు తీసింది. కలలో ఒక ముసలామె కనిపించి, "నాకు గుడి వద్దు, నీడ వద్దు. ఈ గడ్డి మంచును పట్టి నాకిస్తుంది, నేను మీ ఊరికిస్తాను. దీన్ని కాలనివ్వకు" అని చెప్పింది.

మెలకువ వచ్చేసరికి పొగ వాసన. అవతలి వాలున సింగన్న గడ్డికి నిప్పు పెట్టాడు.

"ఆర్పెయ్యి సింగన్నా!" అని ఆమె కేక వేసింది.

"పాతది కాలితేనే కదా వదినా, కొత్త చిగురు వచ్చేది!" అన్నాడతడు.

అంతలో గాలి తిరిగింది. మంట శిఖరమంతా పాకింది. దాలమ్మ తన గొంగడిని ఊటలో తడిపి, రాతి చుట్టూ మంటను బాదుతూ నిలబడింది. సింగన్న పరుగెత్తుకొచ్చి ఆమెను పక్కకు లాగేటప్పటికి దాలమ్మ అరచేతులు కాలిపోయాయి. రాతి చుట్టూ ఉన్న గడ్డి మాత్రం మిగిలింది.

ఆ వేసవిలో కొండవాగులన్నీ ఎండాయి. ఆ ఒక్క ఊట ఆగలేదు. కోనపాడు మనుషులూ పశువులూ దానిమీదే బతికారు. దాలమ్మ వేళ్లు పాలు పితకడానికి మళ్లీ వంగలేదు. ఊరి ఆడవాళ్లే వంతులవారీగా ఆమె గేదెలను పితికేవారు. సింగన్న వచ్చి ఆమె కాళ్లమీద పడితే, "నా కాళ్లు పట్టుకుంటే గడ్డి మొలుస్తుందా? లే" అన్నదట. తొలకరి పడగానే అతడు మిగిలిన దుబ్బుల నుంచి పిలకలు తీసి కొండంతా నాటడం మొదలుపెట్టాడు. ఆ పని అతని మనుమల కాలంలో ముగిసిందని పెద్దలు చెబుతారు.

నేటికీ ఈ కొండపై దీపం, కర్పూరం వెలిగించరు. భక్తులు దిగువ వాగులో ఒక వస్త్రాన్ని ముంచి, పైకి తెచ్చి, రాతి చుట్టూ ఉన్న గడ్డిపై పిండుతారు. అలా చేసినవారి ఇంట పాడికి, నీటికి లోటుండదని విశ్వాసం. దారిలో వస్త్రం ఆరిపోయినవారు చింతించనక్కరలేదు. మంచులో కాసేపు నిలబడితే అదే తడుస్తుంది. ఆ తడినీ అమ్మవారు స్వీకరిస్తుంది.