మూడో గడప

ఓబులేసుకు కళ్ళు మసకబారడం మొదలైంది.

అతను పలకలు కోసే పనివాడు. నల్లరాయి మీద గీత వెంట్రుకవాసి పక్కకు పోయినా ఆ పలక పనికిరాదు. ఈ మధ్య రోజూ ఒకటో రెండో పాడవుతున్నాయి. ఆస్పత్రిలో పరగడుపున రక్తం చూస్తే షుగరు రెండు వందల అరవై. డాక్టరమ్మ మొహమాటపడకుండా చెప్పింది. మాత్రలు ఒక్కటే సరిపోవు, తిండి మారాలి, రోజూ నడవాలి, ఇలాగే ఉంటే చూపు నిలవదు.

మూడు నెలల తర్వాత మళ్ళీ చూశారు. రెండు వందల తొంభై.

ఆ కాగితం పట్టుకుని అతను తాను శిష్యుడిగా ఉన్న మఠానికి వచ్చి గురువు ముందు కూలబడ్డాడు. గురువు పేరు బాలకోటమ్మ. డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు పొగాకు ఆకు కాల్చే బ్యారన్‌లో కూలిపని చేసింది. శిష్యులందరికీ ఆమె అమ్మే, ఆమె కోపమంటే అందరికీ భయమే.

"మాత్రలు వేళకు మింగుతున్నానమ్మా. రోజూ నడుస్తూనే ఉన్నా. అయినా తగ్గట్లేదు."

"తిండో?"

"తిండి నా చేతిలో ఏముందమ్మా? జోలె పట్టినవాణ్ణి."

ఆ మఠంలో ఒక పద్ధతి ఉంది. పెద్ద శిష్యుడు సంసారి అయినా సరే రోజూ పొద్దున్నే జోలె వేసుకుని ఏడు ఇళ్ళకు పోవాలి. బియ్యం, పిండి వేస్తే మఠానికి తేవాలి. వండింది పెడితే ఆ గడప ముందే కూర్చుని తినాలి. ఇది కావాలని అడగకూడదు, ఇది వద్దని అనకూడదు. పదకొండేళ్ళుగా పెద్ద శిష్యుడైన ఓబులేసు ఒక్కరోజు కూడా ఈ మాట తప్పలేదు. ఎవరి చెయ్యీ వెనక్కి పంపలేదని నలుగురిలో చెప్పుకుంటాడు కూడా.

"ప్రేమగా పెడతారమ్మా. ఒకరింట్లో కేసరి, ఒకరింట్లో చక్కెర దండిగా వేసిన టీ. వద్దంటే వాళ్ళ మనసు కష్టపెట్టినట్టు కాదూ? మీరు చెప్పిన ధర్మమేగా!"

"అబద్ధం!" అని వాకిట్లోంచి వినిపించింది.

అతని భార్య కాశమ్మ. వెనకాలే వచ్చి ఇందాకటి నుంచి అక్కడే నిలబడి ఉంది.

"ఇంటికొచ్చి ఏం చేస్తాడో అడగండమ్మా. డాక్టరమ్మ చెప్పినట్టు జొన్నరొట్టె కాలుస్తా, ఆకుకూర వండుతా, అన్నం కొలిచి పెడతా. మూడు నెలల నుంచి కంచం అవతలికి నెడుతున్నాడు. ఇది మనుషులు తినే తిండేనా అంటాడు. బిడ్డ విశాఖలో నర్సు చదువు చదువుతోంది. వారం వారం ఫోను చేసి, అమ్మా, నాన్నకు షుగరు ఎంతుంది అంటుంది. నూట నలభై అని చెప్పమంటాడు. నా కన్నబిడ్డతో నాచేత అబద్ధం ఆడిస్తున్నాడు!"

ఓబులేసుకు మండిపోయింది. "ఇంటి సంగతులు మఠంలో ఎందుకే? అమ్మా, మీరు ఆడవాళ్ళ మాటలు పట్టించుకోకండి."

"మరి నేనెవర్నిరా?" అంది బాలకోటమ్మ.

అతను చేతిలోని కాగితం మడిచాడు.

"పొద్దున్నే జోలె వేసుకుని రా. నేనూ వస్తా."

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. మొదటి ఇంట్లో నెయ్యి కారుతున్న చక్కెరపొంగలి పెట్టారు. "అన్న తినకపోతే మా ఇంట్లో తెల్లవారినట్టే ఉండదమ్మా" అని ఆ ఇల్లాలు నవ్వింది. ఓబులేసు గురువు వైపు చూసి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకుని తిన్నాడు. రెండో ఇంట్లో గ్లాసు నిండా టీ ఇచ్చారు, రెండు తీపి బన్నులు పెట్టారు. అవీ తిన్నాడు.

బాలకోటమ్మ చేతికర్ర నేలను గట్టిగా పొడుస్తోంది.

మూడో ఇల్లు కుడిచేతి వైపు సందులో ఉంది. ఆమె ఎడమకు తిరిగింది.

"అమ్మా, అటు మా వీధి."

"నడువు."

అతని ఇంటి ముందే ఆగింది. "ఇది మూడో గడప. పిలువు."

"ఇది నా ఇల్లమ్మా!"

"జోలె భుజానున్నవాడికి ఇల్లేంట్రా? పిలువు!"

ఎదురింటి వాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. బోరింగు దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. ఓబులేసు ముఖం ఎర్రబడింది. కర్ర ఇంకోసారి నేలను పొడిచింది.

"అమ్మా... జోలె..." అన్నాడు.

కాశమ్మ వాకిట్లోకి వచ్చింది. మొగుణ్ణి చూసింది. జోలెను చూసింది. ఆమెకు నవ్వు రాలేదు.

"నేను పెట్టను. రాత్రి పెట్టిందే నెట్టేస్తే కుక్కకు పోశా. మళ్ళీ ఏం చూసుకుని వచ్చాడు?"

ఓబులేసు గురువు వైపు తిరిగాడు.

"నా వైపు చూడకు" అంది బాలకోటమ్మ. "పెట్టడం, మానడం ఆ ఇల్లాలి ఇష్టం. నువ్వు నిలబడు."

నిలబడ్డాడు. కాశమ్మ లోపలికి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. ఎండ చురుక్కుమంటోంది. బోరింగు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. జోలె తీసి విసిరికొట్టి పోదామనిపించింది అతనికి. పదకొండేళ్ళలో ఏ గడప ముందూ ఇంతసేపు నిలబడలేదు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ నవ్వుతూ ఎదురొచ్చేవారు.

చివరికి ఆమె కంచం పట్టుకుని వచ్చింది. రెండు జొన్నరొట్టెలు, తోటకూర పప్పు, గుప్పెడు దోసకాయ ముక్కలు. కళ్ళు తడిగా ఉన్నాయి, కోపం మాత్రం తగ్గలేదు. కంచాన్ని గడప మీద ఠంగుమని పెట్టింది.

ఓబులేసు కూర్చున్నాడు. కంచం చూశాడు. నోరు అలవాటుగా కదిలింది.

"ఇంతేనా?"

"పొంగలి పెట్టిన ఇంట్లో ఇంతేనా అని అడిగావా?" అంది కాశమ్మ.

అతను రొట్టె తుంచాడు. గట్టిగా ఉంది. నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. వద్దనలేదు, బాగుందనలేదు. రెండో రొట్టె కూడా తుంచాడు.

బాలకోటమ్మ వంగి అతని భుజం మీది జోలె తీసి తన భుజాన వేసుకుంది.

"మిగతా ఆరు గడపలూ రేపట్నించి నేను తిరుగుతా. నీకు ఇది ఒక్కటే."

కర్ర పొడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఓబులేసు తలెత్తలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా కాశమ్మ వాకిట్లోనే నిలబడింది.