మూగ నగారా

నగారాలకు తోలు బిగించే ఎర్రక్కకు రాజుగారు శాలువా కప్పిన రోజు నుంచి నగారాల అధికారి భద్రప్పకు ముద్ద దిగడం లేదు. ఆ శాలువా తన భుజాన ఉండాల్సింది!

కోట చుట్టూ మూడు కొండలు, మూడింటి మీదా నగారాలు. ఒక పక్క నుంచి కబురు వినిపిస్తే రెండో పక్కకు తిరిగి అదే కొట్టాలని భద్రప్ప పెట్టిన రివాజు. దాంతో ఏ కబురైనా కొండల చుట్టూ గానుగెద్దులా తిరుగుతూనే ఉండేది. ఎర్రక్క మూడో కొండవాడితో, "నువ్వు విను, కొట్టకు. మిగతా ఇద్దరిలో ఎవరైనా ఆగిపోతేనే అందుకో" అంది. గోల ఆగింది. ఆ శాలువా అందుకే.

"ప్రభూ, ఆ మూడో కొండవాడు ఊరికే కూర్చుని తింటున్నాడు!" అని భద్రప్ప రాజుగారికి ఎక్కించాడు.

"అయితే వాడిచేతా కొట్టించండయ్యా. మొదటి కబురు తమరిదే కానివ్వండి" అంది ఎర్రక్క.

ఊరంతా తన పేరే మోగుతుందని భద్రప్ప పొంగిపోయాడు. "భద్రప్పగారింట విందు, అందరూ రండి!" అని కొట్టించాడు.

ఆ కబురు ఆగితేగా! తిన్నవాళ్ళు చెయ్యి కడుక్కునేలోపే మళ్ళీ మోగేది. మళ్ళీ పిలుస్తున్నారనుకుని జనం వెనక్కి వచ్చేవారు. గాదె అడుగంటింది.

"ఎలా ఆపాలే తల్లీ?" అన్నాడు భద్రప్ప ఏడుపుగొంతుతో.

"మూడో కొండ మీద ఒకరు ఊరుకుంటే చాలయ్యా."

రాజుగారు నవ్వి, ఆ కొండకు భద్రప్పనే పంపారు. అక్కడ ఆయన విన్న మొదటి కబురు, "ఇకపై నగారాల అధికారి ఎర్రక్క!"

కాదని కొడదామంటే కర్ర చేతిలోనే ఉంది. కొట్టడానికే వీల్లేదు.