చైత్రకి కప్పిన శాలువా

మ్యూజియం పనిలో మా అందరికీ గురువు మృత్యుంజయరావు గారు. రిటైరై ఆరేళ్ళయినా, నెలనెలా మొదటి సోమవారం పొద్దున్నే వచ్చి, మట్టి బొమ్మల గదిలో తలుపుకి దూరంగా ఓ మూల కుర్చీలో కూర్చునేవారు. సోమవారం మామూలుగా మాకు సెలవు. ఆటిజం ఉన్న పిల్లలూ వాళ్ళ అమ్మానాన్నలూ రద్దీ లేకుండా చూసుకుంటారని ఆ ఒక్క సోమవారం తెరుస్తున్నాం.

కొత్తగా చేరిన ఇందుమతి ఓసారి ఉండబట్టలేక అడిగేసింది. "గురువుగారూ, లైట్లు తగ్గించాం, గంట కొట్టడం మానేశాం, పిల్లలు కాసేపు నెమ్మదిగా కూర్చోడానికి ఓ గది కూడా పెట్టాం. ఏడు నెలలైంది, ఒక్కరూ రాలేదు. ఇంతగా పిలిచినా ఎందుకు రారండీ?"

ఆయన తన సంచిలోంచి మడతపెట్టి ఉంచిన జరీ శాలువా ఒకటి తీసి ఆమె ఒళ్ళో పెట్టి, దాని సంగతి చెప్పారు.

చైత్ర ఆటిజం ఉన్న పిల్ల, అప్పటికి ఎనిమిదేళ్ళు. మా దగ్గరున్న, తవ్వకాల్లో దొరికిన మట్టి బొమ్మ బండి ఫోటో పేపర్లో చూసి, ఆ ముక్క చిరిగిపోయేదాకా చేత్తో పట్టుకు తిరిగిందట. వాళ్ళమ్మ నాగలక్ష్మి వారం వారం తీసుకొచ్చేది. మొదటి వారం గేటు దాకా. రెండో వారం టికెట్ల కిటికీ దాకా. మూడో వారం వాచ్‌మన్ ఈల వేస్తే మళ్ళీ గేటు దగ్గరికే. తొమ్మిదో వారానికి బండి ముందు నిలబడి, అద్దానికి నుదురు ఆనించి నవ్వింది. ఇంటి బయట ఇది నవ్వడం ఇదే మొదలండీ అంటూ ఆ తల్లి ఏడ్చేసింది.

ఇక మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా! సంతోషం వస్తే ఊరుకోగలమా? సన్మానం చేసి తీరాలి. పదో వారానికి మైకు, ఫోటోగ్రాఫరు, స్టాఫంతా సిద్ధం. వద్దన్నవాడు లేడు, తల్లిని ఒక్కమాట అడిగినవాడూ లేడు. పిల్ల అద్దానికి నుదురు ఆనించగానే మృత్యుంజయరావు గారు వెనకనుంచి వెళ్ళి భుజాల మీద శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. మైకులో చైత్ర పేరు మోగింది.

ఎవరు ముట్టుకున్నా ఓర్చుకోలేని పిల్ల. కేక పెట్టి కిందపడి నేలకేసి తల కొట్టుకోసాగింది. దెబ్బ తగలకుండా తల్లి ఆ తల కింద తన చెయ్యి పెట్టింది. ఫోటోలు మాత్రం ఆగలేదు, సిగ్గు లేకపోతే సరి! ఇలాంటి పిల్లల్ని ఇక్కడికెందుకు తెస్తారో అని ఎవరో అననే అన్నారు.

నెల తర్వాత ఆయన క్షమాపణ చెప్పుకోడానికి వాళ్ళింటికి వెళ్ళారు. ఆయన గొంతు వినగానే పిల్ల మంచం కిందికి దూరింది. నాగలక్ష్మి తలుపు సగమే తెరిచింది. ఆమె మాటలో కోపం కూడా లేదట.

"పిల్ల ఇప్పుడు మా గుమ్మం కూడా దాటడం లేదండీ. మీరు వెళ్ళిపోండి."

అది జరిగి పదకొండేళ్ళు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ సోమవారం కూడా ఎవరూ రాలేదు. సాయంత్రం ఇందుమతి తలుపులు మూస్తూ, శాలువా తిరిగి ఇస్తూ అడిగింది. "ఎప్పుడైనా, ఎవరైనా వస్తే నేనేం చెయ్యాలి గురువుగారూ?"

"ఏమీ చెయ్యకమ్మా," అన్నారాయన కుర్చీలోంచి లేస్తూ. "నాకు చేతకానిది అదే."