గున్నమ్మ ఎక్కిన ఉప్పు కాటా

అనగనగా అనగానే ఊఁ కొట్టాలి మరి, లేకపోతే కథ కదలదు. అనగనగా సముద్రం ఒడ్డున, ఉప్పు పండించే ఒక ఊళ్ళో గున్నమ్మ అని ఒకావిడ ఉండేది.

ఉప్పు మళ్ళలో సముద్రం నీళ్ళు ఎండి తెల్లగా గడ్డకడతాయి. పొడుగు కర్రకి చెక్క బిగించి, దాంతో ఆ ఉప్పుని గట్టుకి లాగడం ఆవిడ పని. ఆ పనంటే ఆవిడకి ప్రాణం. కానీ ఒళ్ళు రానురాను బరువెక్కింది, మోకాళ్ళు మొరాయించాయి. అప్పుడు డాక్టరు చెప్పాడు, వానలు వెళ్ళి మళ్ళీ ఉప్పు కాలం వచ్చేలోగా ఒళ్ళు తగ్గితే సరే, లేదంటే ఇక మడిలో దిగొద్దని. గున్నమ్మ గుండెల్లో రాయి పడింది.

ఆ తర్వాత తిండి తగ్గించింది. సాయంత్రం సముద్రం ఒడ్డున నడక మొదలెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. వచ్చిన చిక్కల్లా కాటాతోనే. ఉప్పు గోదాములో మూటలు తూచే కాటా ఉంది కదా, రోజూ పొద్దున్నే వెళ్ళి దాని మీద నిలబడేది. గోదాము చూసుకునే తవిటయ్య ఆవిడకి వరసకి మావయ్య. ఆయనే అంకె చదివి చెప్పేవాడు.

పదో రోజున కిలో పెరిగిందన్నాడు. ముందురోజు తిన్నది ఎండుచేపల పులుసు, అదీ రెండు గరిటెలు. గున్నమ్మకి ఒళ్ళు మండి ఆ రోజంతా ఏమీ ముట్టలేదు.

మర్నాడు కిలోన్నర తగ్గింది. ఇంకేం, పండగే. అప్పుడు పేరంటానికి వెళ్ళి బూరెలు ఎడాపెడా లాగించేసింది.

ఆ తర్వాత రోజు రెండు కిలోలు పెరిగింది. పంతానికి పోయి రెండు రోజులు మజ్జిగ నీళ్ళతో సరిపెట్టింది. మూడో రోజు పొద్దున కళ్ళు తిరిగి గోదాము గుమ్మంలో కూలబడింది. పిచ్చిది, పెరిగినా తిప్పలే, తగ్గినా తిప్పలే.

తవిటయ్య మొహాన నీళ్ళు చల్లి, గంజి తాగించాడు. తన ఒళ్ళు తన మాట వినదనీ, మడి మీద ఆశ వదులుకున్నాననీ చెప్పి గున్నమ్మ ఏడ్చింది.

తవిటయ్య లేచి గోదాములోకి వెళ్ళాడు. మూతి కుట్టేసిన ఉప్పు మూట ఒకటి తూచి, అంకె గోడ మీద బొగ్గుతో రాశాడు. ముసురు పట్టిన రోజున గున్నమ్మని పిలిచి అదే మూట తూచాడు, కిలోన్నర పెరిగింది. బాగా ఎండ కాసిన రోజున మళ్ళీ తూచాడు, రెండు కిలోలు తగ్గింది.

“దీన్లో ఉప్పు ఎవులైనా పోసినారేటి?” అని అడిగాడు.

“కుట్టు ఇప్పలేదు గదా మావా. సెమ్మ పట్టింది, ఆరింది, అంతే.”

“నీ ఒంట్లో మటుకు సెమ్మ ఉండదేటే? ఉప్పు తింటే నీరు పడతాది, పస్తుంటే దిగిపోద్ది. ఒక్క పూటలో కొవ్వు రాదు, పోదు. అది నెల్లు గడిస్తేగాని తెలీదు.”

గున్నమ్మకి సిగ్గేసింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఉప్పులో మసిలిన మనిషి, ఆ మాట తనకే తట్టాల్సింది.

అప్పటినుంచి వారానికి ఒక్కసారే, శుక్రవారం పొద్దున పరగడుపున కాటా ఎక్కేది, తవిటయ్య ఆ అంకె గోడ మీద రాసేవాడు. పూటపూటకీ కడుపుకి సరిపడా తినేది, నడక మానలేదు. గోడ మీద అంకెలు ఒక వారం పైకి, ఒక వారం కిందకి పోయేవి. నెలకీ నెలకీ పోల్చి చూస్తే మాత్రం కిందకే దిగుతున్నాయి.

వానలు వెళ్ళేసరికి ఎనిమిది కిలోలు తగ్గింది. డాక్టరు మోకాళ్ళు నొక్కి చూసి, మడిలో దిగమన్నాడు. గున్నమ్మ సంతోషం పట్టలేక ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చేసింది.

పనిలో దిగాక మొదటి శుక్రవారం కాటా కిలో ఎక్కువ చూపించింది. తవిటయ్య ఆ సంగతి ఎలా చెప్పాలా అని తలెత్తేసరికి గున్నమ్మ అక్కడ లేదు. చెక్క బిగించిన కర్ర భుజాన వేసుకుని, మడి గట్టు మీద అప్పుడే సగం దూరం వెళ్ళిపోయింది.

ఉప్పు చేరింది మూటకి,
గున్నమ్మ చేరింది మడికి,
కథ చేరింది కంచికి,
నిద్ర చేరాలి నీ కంటికి.