జిలానీ పిడికిట్లో తాళంచెవులు

జిలానీకి ఫిట్స్ వస్తాయి. ఆదోని దారిలోని చిన్న దర్గాలో గఫార్ బాబా దగ్గర శిష్యుడిగా చేరిన కొత్తలో నెలకోసారి వచ్చేవి. ఇప్పుడు వారానికి రెండుసార్లు. కారణం అతనికి తెలుసు. చెప్పడు.

ఫిట్స్ వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టడం మనవాళ్లకు అలవాటు. ఒక గురువారం ఖవాలీ మధ్యలో జిలానీ పడిపోతే, కిరాణా కొట్టు రంగప్ప కంగారులో తన అంగడి తాళంచెవి అతని పిడికిట్లో పెట్టాడు. ఆ వారం బేరాలు బాగా సాగాయి. ఇంకేముంది! పై గురువారం ఇరవై మంది తాళంచెవులతో దిగారు. ఎప్పుడు పడతాడా అని కాచుక్కూర్చునేవాళ్లు. సిగ్గులేని జనం.

జిలానీ కూడా తక్కువవాడేం కాదు. అందరూ కాళ్లకు మొక్కుతుంటే అతనికి బాగానే ఉంది.

ఈ గురువారం పడినప్పుడు మాత్రం తల బండకు కొట్టుకుంది. అరచెయ్యి తాళంచెవులకు చీరుకుపోయింది. పూర్తిగా తెలివొచ్చాక, జనం చుట్టూ ఉండగానే బాబా కట్టు కడుతూ అడిగాడు.

"డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"తలకు తీగలు పెట్టి, కాగితం మీద గీతలు చూపించింది బాబా. మెదడులో అలలు ఎగిసిపడుతున్నాయంట. మాత్రలేసుకుంటే అణుగుతాయంట. లేకుంటే ఫిట్స్ ఎక్కువై ప్రాణానికే ముప్పంట."

"ఏసుకుంటాండావా?"

జిలానీ లోపలికెళ్లి దిండు కింద నుంచి మూడు మాత్రల అట్టలు తీసుకొచ్చాడు. ఒక్క మాత్రా తగ్గలేదు.

"ఆ అలల్లోనే అల్లా నా దగ్గరికొస్తాడేమో బాబా. అణిచేస్తే మళ్లీ రాడేమో."

బాబా చెంబుతో నీళ్లు తెచ్చాడు. ముందు తన బీపీ మాత్ర జేబులోంచి తీసి, అందరూ చూస్తుండగా వేసుకున్నాడు. తర్వాత జిలానీ అట్ట చించి, ఒక మాత్ర అతని కట్టు కట్టిన చేతిలో పెట్టాడు.

రంగప్ప గబగబా ముందుకొచ్చాడు. "అదేంది బాబా! మందేసుకుంటే జిలానీ సామికి ఫిట్స్ రావు గదా. ఇంక జనం ఎందుకొస్తారు? దర్గా పాడుబడిపోతాది."

"పడనీ."

"మా అంగళ్ల సంగతో?"

"తలుపు తీసి కూర్చో. బేరాలు అవే వస్తాయి."

జిలానీ చేతిలోని మాత్ర వైపు చూశాడు. "బాబా, నిజంగానే అల్లా పోతే?"

"మాత్రను చూసి పారిపోయేది అల్లా కాదు నాయనా. దాన్ని పోనీ."

జిలానీ లేచి నిలబడ్డాడు. రంగప్ప కళ్లలోకి సూటిగా చూస్తూ మాత్ర మింగాడు.