నడిమి బూడిద

దస్తగిరికి వచ్చిన చిక్కు ఇది. తాను కట్టిన అగ్గి ఎవరినీ కాల్చదని అతనికి గట్టి నమ్మకం. ఊరికీ అదే నమ్మకం. ఆ ఏడు పీర్ల పండగ మరునాడు ఓబుళమ్మ రెండు అరికాళ్లూ కాలిపోయాయి.

పెన్న ఒడ్డున ఒక చిన్న ఊరు. ఊరి నడుమ పీర్లచావిడి, దాని ముందు గుండం. పండగ నాళ్లలో గుండం నిండా చింతమొద్దులు వేసి కాలుస్తారు. చివరి రోజున పీర్లను ఎత్తుకున్నవాళ్లు ఆ నిప్పుల మీదుగా నడుస్తారు. వాళ్లు అడుగుపెట్టే ముందు దస్తగిరి గుండం చుట్టూ తిరిగి, ఏదో గొణిగి, ఉప్పు చల్లి, అగ్గి ఎవరినీ కాల్చకుండా దాన్ని మంత్రంతో కడతాడు. ఈ విద్య అతనికి గురువు హుసేనప్ప తాత నేర్పింది కాదు. తాత చావిడి పక్కన తకియాలో, ఫకీర్లుండే చిన్న కొట్టంలో, ఉంటాడు. పరుపులు కుట్టుకుంటాడు, అడిగినవాళ్లకు నాలుగు మంచి మాటలు చెబుతాడు. అగ్గి కట్టడం మాత్రం దస్తగిరి ఎక్కడినుంచో పట్టుకొచ్చిన సొంత సరుకు. తాత ఒకటి రెండుసార్లు వద్దన్నాడు. దస్తగిరి వింటేగా!

పీర్లు ఏటికి పోయి వచ్చాక గుండాన్ని వెంటనే పూడ్చరు. నీళ్లు అసలే పోయరు. మూడోనాటి ఫాతిహా ప్రార్థన దాకా అది దానంతట అది ఆరాలి. ఈలోపల జనం వచ్చి బూడిద పట్టుకుపోతారు. జ్వరానికి, దిష్టికి, బాలింతకు, పాలివ్వని బర్రెకు, అన్నిటికీ అదే మందు. పాత ఆచారం. ఎవరొచ్చినా అంచున ఇంత గిల్లుకుని పోయేవారు, ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నడిమి బూడిదకు బలం ఎక్కువని ఈమధ్య దస్తగిరి మొదలుపెట్టాడు. అలా ఎందుకో అతన్ని అడిగినవాళ్లు లేరు.

ఓబుళమ్మ వయసు మళ్లిన మనిషి. తల మీద గంప పెట్టుకుని ఊళ్లమ్మట తిరిగి కూరగాయలు అమ్ముతుంది. కూతురు లింగమ్మ కాన్పుకు వచ్చి ఉంది, ఇవాళో రేపో అన్నట్టుంది. కూతురి కోసం ఆ పొద్దున ఓబుళమ్మ చెప్పులు చావిడి దగ్గర విడిచి, తిన్నగా గుండం నడుమకు పోయి నిలబడింది. పైన బూడిద తెల్లగా, మెత్తగా ఉంది. కింద చింతనిప్పు. ఆమె వంగి, తీరిగ్గా, చేతికందిన పైపై బూడిదను కొంగులోకి ఎత్తుకుంటోంది.

దస్తగిరి చావిడి అరుగు మీద వేపపుల్ల నములుతూ ఇదంతా చూశాడు. బుద్ధున్నవాడెవడైనా ఏమంటాడు? అమ్మా, బయటికి రా అంటాడు. దస్తగిరి లేచి నిలబడి, చేతులు రెండూ పైకెత్తి అరిచాడు.

"చూడండప్పా! నిప్పుల్లో నిలబడి అబ్బా అనలేదు. భక్తంటే అదీ! ఆయమ్మను చూసి నేర్చుకోండి!"

జనం పోగయ్యారు. దండాలు పెట్టారు. అంతమంది దండం పెడుతుంటే మధ్యలో బయటికి రావడం బాగుండదని ఆ పిచ్చి తల్లి ఇంకాసేపు అక్కడే నిలబడింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలికిడి విని హుసేనప్ప తాత తకియాలోంచి బయటికి వచ్చాడు. వచ్చినవాడు దండం పెట్టలేదు. జనాన్ని తోసుకుని పోయి, ఓబుళమ్మను జబ్బ పట్టి బయటికి లాగి, అరుగు మీద కూర్చోబెట్టి, కాళ్ల మీద బిందెడు నీళ్లు కుమ్మరించాడు. అరికాలి తోలు నీళ్లతోపాటు ఊడివచ్చింది.

"మంట లేదామ్మా?"

"లేదు సామీ. నా కాళ్లు మొద్దుబారి చానా కాలమాయ. షుగర్ కదా. ముల్లు గుచ్చుకున్నా ఇంటికి పోయి చూసుకుంటేనే తెలిసేది."

తాత దస్తగిరి వైపు తిరిగాడు.

"పోయి ఆటో పిల్చుకరా" అన్నాడు.

టౌనులో డాక్టరు కట్లు కట్టాడు. షుగర్ ఉన్న ఒంట్లో పుండు మానడం కష్టమనీ, చీము పడితే వేళ్లు తీసేయాల్సి రావచ్చనీ, అంతటితో ఆగకపోవచ్చనీ చెప్పాడు. నిండుచూలాలు లింగమ్మ తల్లి పక్కన నిలబడి ఆ మాటలన్నీ విన్నది.

మధ్యాహ్నానికి దస్తగిరి తకియాకు వచ్చాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. ఓబుళమ్మ కాళ్ల గురించి వచ్చాడనుకుంటారేమో, కాదు.

"తాతా, నాకొక సందేహం. నేను కట్టిన అగ్గి ఎట్ల కాల్చింది?"

తాత పరుపు కుడుతున్నాడు. తలెత్తలేదు.

"అగ్గి కదా. కాల్చింది."

"అట్ల కాదు తాతా. నిన్న అంతమంది నడిచిరి. ఒక్కరికన్నా బొబ్బ లేచిందా?"

"వాళ్లు గబగబా దాటిరి. ఈయమ్మ నిలబడింది. పైగా నీ అరుపొకటి."

దస్తగిరికి ఆ జవాబు నచ్చలేదు. మరీ మామూలుగా ఉంది. "నాకు తోచింది చెప్తా వినండి తాతా. ఆయమ్మకు లోపల యాడో శంక ఉండాది. భక్తి తక్కువైతే అగ్గి పట్టుకుంటాది."

సూది ఆగింది.

"పొద్దున ఆయమ్మ భక్తిని చూసి నేర్చుకోమనింది ఎవరు?"

"నేనే."

"మధ్యాన్నానికే తగ్గిపాయనా?"

"జనం దండాలు పెట్టేసరికి గర్వం వచ్చుంటాది."

దస్తగిరి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. మంచివాడై, నమాజు తప్పనివాడై, ఆకలైనవాడికి తన రొట్టె పెట్టేవాడై ఇలా మాట్లాడితే ఎవరికైనా తల బాదుకోవాలనిపిస్తుంది. తాత కళ్లు మూసుకుని తెరిచాడు.

"ఈ మాట ఊర్లో ఎవరికన్నా చెప్పినావా?"

"అడిగినోళ్లకు చెప్తి."

"ఎవరడిగిరి?"

"అందరూ అడుగుతాండారు తాతా. ఏమో ఒకటి చెప్పల్ల కదా. గుండానికి చెడ్డపేరు రాకూడదు."

తాత పరుపు పక్కకు జరిపాడు. దారం తెంపి, సూదిని చొక్కాకు గుచ్చుకున్నాడు.

"సరే. పోయి రోంత బూడిద తే. నుదుట పెట్టుకుంటా. నడిమిది తే, బలం ఎక్కువంటివి కదా. చేత్తోనే తే."

దస్తగిరి ముఖం వెలిగింది. ఇన్నాళ్లకు గురువు తన బూడిద అడిగాడు. పరుగులాంటి నడకతో గుండం దగ్గరికి పోయాడు. తాత గడప మీద నిలబడి చూస్తున్నాడు.

దస్తగిరి గుండం అంచున ఆగాడు. అటూ ఇటూ చూసి, సగం కాలిన చింతకొమ్మ ఒకటి తీసుకున్నాడు. నడుమ బూడిదను దాంతో కుళ్లగించాడు. ఎర్రగా కనిపించింది. ఇంకోచోట కుళ్లగించాడు. అక్కడా అంతే. చివరికి అంచుకు వచ్చి, అక్కడ గెలికి, అరచేయి ఆనించేందుకు భయపడి వేళ్ల వెనకవైపు తాకించి చూసి, చల్లగా ఉందనుకున్నాక చిటికెడు తీసి, ఊదుకుంటూ తెచ్చాడు.

"ఇది అంచుది" అన్నాడు తాత.

"నడుమ ఇంకా నిప్పు ఉండాది తాతా. చెయ్యి కాలుతుంది."

"ఎట్ల తెలిసె?"

"కట్టెతో కుళ్లగించి చూస్తి."

"కట్టె యాల దస్తగిరీ? అగ్గి కట్టింది నువ్వే కదా."

బూడిద పట్టుకున్న దస్తగిరి చెయ్యి అలాగే చాపి ఉంది. తాత దాన్ని తీసుకోలేదు.

"పోయి ఓబుళమ్మను చూసిరా. కట్టె తీసుకున్న సంగతి ఆయమ్మకు చెప్పు" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఓబుళమ్మ నులకమంచం మీద పడుకుని ఉంది. కాళ్ల కింద దిండు, చీలమండల దాకా కట్లు. వాకిట్లో లింగమ్మ నడుం పట్టుకుని నిలబడి ఉంది. రమ్మనలేదు.

"ఏం చూడను వచ్చినావు?"

లోపల్నుంచి తల్లి గొంతు వినబడింది. "ఎవరే? దస్తగిరి సామా? రా నాయనా, రా."

ఆమె లేవబోయింది. లేవలేక, పడుకునే చేతులు జోడించింది. దస్తగిరి చెప్పాలనుకున్న మాట నోటి దాకా వచ్చింది. అంతలో ఆమే మొదలుపెట్టింది.

"తప్పు నాదే నాయనా. పొద్దున పొయ్యికాడ దీన్ని ఊరికే కసురుకుంటి. బిడ్డ కడుపుతో ఉండాది అని కూడా చూడలేదు. ఆ కోపంతోనే వచ్చి గుండంలో కాలు పెడితి. అందుకే ఇట్ల అయ్యుంటాది. నీ గుండానికి చెడ్డపేరు తెస్తి. మన్నించు నాయనా."

దస్తగిరి నిలబడ్డచోటే నిలబడ్డాడు.

"పీర్లు మళ్లా నడిపిస్తారా? గంప ఎత్తకపోతే ఎట్ల? రేపు దీనికి పిల్లో పిల్లోడో పుడితే ఇంట్లో ఏముంది?" ఆమె ఏడుస్తోంది. ఏడుస్తూనే మధ్యమధ్యలో మన్నించమంటోంది.

"ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ ఇదే" అంది లింగమ్మ. "కాళ్లల్లో నొప్పి మా యమ్మకు తెలీదు. భక్తి తక్కువని నువ్వు ఊరంతా చెప్పినావే, ఆ మాటకు ఏడుస్తాంది."

దస్తగిరి బయటికి వచ్చేశాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడి ఉండాల్సింది. కాళ్లు ఎటు తీసుకుపోతే అటు నడిచి, చావిడి ముందుకు వచ్చి పడ్డాడు.

గుండం దగ్గర పొరుగూరి ముసలాయన ఒకడు ఉన్నాడు. కళ్లు సరిగా కనిపించని మనిషి, కర్ర ఊతం. నిప్పుల్లో నిలబడ్డ మహాతల్లి కథ విని వచ్చాడట. చెప్పులు విడిచి, నడిమి బూడిద కోసం ఒక కాలు ఎత్తాడు.

"వద్దు! కాలు పెట్టొద్దు! కాలుతుంది!"

పొద్దున అరవాల్సిన అరుపు అది. దస్తగిరి పరిగెత్తి ఆ ముసలాయన నడుం పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. ముసలాయన కర్ర వెతుక్కుంటూ నానా తిట్లూ తిట్టాడు. దస్తగిరి కర్ర తీసి చేతికిచ్చి, చావిడి అరుగు మీద కూర్చోబెట్టి, బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయాడు.

మొదటి బిందె పోసేసరికి గుండం బుస్సుమంది. ఆవిరి లేచింది. ఊరు లేచింది.

"ఏమప్పా, నీకేమన్నా పిచ్చా?" పీర్లను చూసుకునే ముజావరు బడేసా అడ్డం వచ్చాడు. "మూడోనాటి దాకా నీళ్లు తగలకూడదని తెలీదా? పీర్లకు కోపమొస్తాది!"

"వస్తే నా మీదికి రానీ."

"కట్టిన అగ్గిని నువ్వే ఆర్పుకుంటావా?"

"నేనేం కట్టలేదు. నాకు కట్టను రాదు." దస్తగిరి బిందె దించి జనం వైపు తిరిగాడు. "లోపల నిప్పు ఉందని నాకు తెలుసు. రోజూ మొద్దులు వేసింది నేనే. ఓబుళమ్మకు తెలీదు, కాళ్లకు తెలీదు. చూసి కూడా బయటికి రమ్మనకుండా కేకలు పెడితి. ఆయమ్మ భక్తిలో ఏ తక్కువా లేదు. ఇంగ ఎవరన్నా ఆ మాటంటే నా దగ్గరికి పంపించండి."

బడేసా ఇంకేదో అనబోయి, అరుగు మీద తడుముకుంటూ చెప్పుల కోసం వెతుకుతున్న పొరుగూరి ముసలాయనను చూసి ఊరుకున్నాడు. జనం గొణుక్కున్నారు. కొందరు వెళ్లిపోయారు. పీర్లు ఊరిని చల్లగా చూడరు పొమ్మని ఒకామె శాపనార్థాలు పెట్టింది. దస్తగిరి బిందె మీద బిందె తెచ్చి పోస్తున్నాడు. ఒంటి నిండా బూడిద, కళ్లల్లో నీళ్లు. పొగకు వచ్చిన నీళ్లో కాదో తెలియదు.

హుసేనప్ప తాత వచ్చి పక్కన నిలబడ్డాడు.

"దూరంగా నిలబడి నీళ్లు పొయ్. ఆవిరి కొడతాది."

దస్తగిరి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"చెప్పినావా ఆయమ్మకు?"

"ల్యా తాతా. ఆయమ్మే నన్ను మన్నించమనింది. నాకు నోరు రాలేదు."

తాత ముఖంలో పొద్దుటి నుంచి ఉన్న చిరాకు పోలేదు.

"చెప్పల్ల" అన్నాడు. తర్వాత గుండంలోకి వంగి చూశాడు.

"ముందు ఇంకో బిందె తే. నడుమ ఇంకా పొగ లేస్తాంది."